‘మేం బాగానే ఉన్నాం, నీ పని చూసుకో’: చైనా పెద్దల ఒంటరితనం

2013 జులై 1న చైనాలో సవరించిన వృద్ధుల హక్కుల చట్టం అమల్లోకి వచ్చింది. ఆ రోజే జియాంగ్సు ప్రావిన్సులోని వూషీ నగరంలో ఒక కోర్టు దాని కింద తీర్పు ఇచ్చింది. కేసు పెట్టింది 77 ఏళ్ల తల్లి, పెట్టింది కన్నకూతురి మీద. కనీసం రెండు నెలలకోసారి వెళ్లి అమ్మను చూడాలనీ, ముఖ్యమైన పండగల్లో కొన్నింటికైనా ఆమె దగ్గరికి వెళ్లాలనీ కోర్టు ఆ కూతురికి చెప్పింది.

చట్టంలో ఈ సంగతి 18వ అధికరణంలో ఉంది. విడిగా ఉంటున్న కుటుంబ సభ్యులు పెద్దవాళ్లను తరచుగా వెళ్లి చూడాలి, లేదా పలకరించాలి. తరచుగా అంటే ఎన్నిసార్లో అందులో రాయలేదు. ఉద్యోగం ఇచ్చినవాళ్లు అందుకు సెలవు ఇవ్వాలని మాత్రం రాశారు. సెలవు సంగతికొస్తే, 1981 నాటి నిబంధన ప్రకారం ప్రభుత్వ సంస్థలో పనిచేసే పెళ్లయిన ఉద్యోగికి తల్లిదండ్రులను చూసి రావడానికి నాలుగేళ్లకోసారి 20 రోజులు దొరుకుతాయి. ప్రైవేటు ఫ్యాక్టరీలో చేసేవాళ్లకు చాలా చోట్ల అదీ లేదు. కొత్త సంవత్సరం పండగ సెలవులే దిక్కు, అందులోనూ రానూపోనూ ప్రయాణానికే సగం పోతాయి.

మన దేశంలో 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం తిండి, ఇల్లు, నెలనెలా ఇచ్చే డబ్బు చుట్టూ తిరుగుతుంది. చైనా వాళ్లు పలకరింపును కూడా చట్టంలో పెట్టారు. తల్లిదండ్రుల సేవను రెండున్నర వేల ఏళ్లుగా అన్ని ధర్మాల కన్నా ముందు నిలబెట్టిన సమాజం అది. కోర్టు పంపితే వచ్చిన కూతురు అమ్మ ఎదురుగా కూర్చుని ఏం మాట్లాడుతుందన్న అనుమానం అప్పట్లో చాలామందికి వచ్చింది. అనుమానం సరైనదే. కానీ అంతకన్నా ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది. పిల్లలు ఉండి, డబ్బు అందుతూ, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉంటూ కూడా పెద్దవాళ్లు ఎందుకు ఒంటరిగా మిగులుతున్నారు?

మాటలోనే ఉన్న చిక్కు

ఒంటరితనానికి చైనీస్‌లో ‘గూదూ’ అంటారు. రెండు అక్షరాలు కలిసిన మాట. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు తత్వవేత్త మెన్షియస్ ఒక రాజుతో మాట్లాడుతూ, ఈ లోకంలో చెప్పుకోవడానికి ఎవరూ లేనివాళ్లు నాలుగు రకాలని లెక్క చెప్పాడు. ముసలితనంలో భార్య లేనివాడు, ముసలితనంలో భర్త లేనిది, ముసలితనంలో బిడ్డలు లేనివాళ్లు, చిన్నతనంలో తండ్రి లేనివాళ్లు. వీళ్లలో తండ్రి లేని పిల్లవాడు ‘గూ’, బిడ్డలు లేని ముసలివాడు ‘దూ’. నేటికీ ఒంటరితనానికి వాడే మాట ఈ రెండూ కలిపిందే.

అంటే ఆ భాషలో ఒంటరితనం మొదట్లో మనసు సంగతి కాదు, ఇంట్లో ఎవరు లేరన్న లెక్క. కొడుకో కూతురో ఉన్న మనిషి ‘నేను గూదూ’ అన్నాడంటే, వినేవాళ్లకు అది పిల్లల మీద ఫిర్యాదులాగే తగులుతుంది. ఇంటి పరువు బయటపెట్టుకున్నట్టే. అందుకే చైనా పెద్దల నోట ఈ మాట అంత తేలిగ్గా రాదు. దాని బదులు వాళ్లు వాడేవి వేరే ఉన్నాయి: ఇల్లు బోసిగా ఉంది, నిద్ర పట్టడం లేదు, తిన్నది రుచించడం లేదు.

పెకింగ్ యూనివర్సిటీ 2011 నుంచి 45 ఏళ్లు పైబడినవాళ్ల ఆరోగ్యం, రిటైర్మెంట్ మీద దేశమంతటా ఒక పెద్ద సర్వే నడుపుతోంది. మనసు బాధను కొలిచే పది ప్రశ్నల్లో ఒకటి సూటిగా ఉంటుంది: గత వారంలో ఎన్ని రోజులు ఒంటరిగా అనిపించింది? ఈ పది ప్రశ్నల లెక్క ప్రకారం 60 దాటినవాళ్లలో దాదాపు 40 శాతం మందిలో డిప్రెషన్ లక్షణాలు కనిపిస్తున్నాయని 2013లో ఆ సర్వే బృందం ప్రకటించింది. మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో ఎక్కువ. అడిగినప్పుడు ‘బాగానే ఉన్నాం’ అనే అలవాటున్న జనంలోనే ఇంత తేలిందన్నది గుర్తుపెట్టుకోవాలి.

ఆ అలవాటుకు చైనాలో ఒక నానుడి ఉంది. ‘బావో షీ బు బావో యోవ్’, మంచి కబురు చెప్పు, చెడ్డ కబురు దాచు అని. ఇది రెండు వైపులా నడుస్తుంది. దక్షిణాది మహానగరమైన షెన్‌జెన్‌లో ఉద్యోగం పోయిన కొడుకు ఇంటికి ఫోన్ చేసి పని బాగుందంటాడు. ఊళ్లో బాత్రూమ్‌లో జారి పడి చెయ్యి నొప్పితో ఉన్న తల్లి, ఫోన్ కెమెరాను ముఖం వరకే పెట్టి, తిన్నావా అని అడుగుతుంది. వారానికోసారి ఫోన్ యాప్ వీచాట్‌లో వీడియో కాల్ జరుగుతూనే ఉంటుంది. మనవడు తెరలోంచి చెయ్యి ఊపి పరిగెత్తి వెళ్లిపోతాడు. ‘మేం బాగానే ఉన్నాం, నీ పని చూసుకో’ అనే మాటతో కాల్ ముగుస్తుంది. ఏ సర్వేలోనైనా దీన్ని ‘వారానికోసారి పిల్లలతో మాట్లాడతారు’ అనే గడిలో వేస్తారు. నిజమే, మాట్లాడారు.

ఒక్క బిడ్డ, నలుగురు కొడుకులు

చైనా పెద్దల ఒంటరితనం అనగానే అందరూ ముందు చెప్పే కారణం ఒక్క బిడ్డ విధానం. 1980 ప్రాంతంలో మొదలై 2015 చివరి వరకు నడిచింది. 1980ల్లో ఒక్క బిడ్డతో ఆపేసిన నగర దంపతులు ఇప్పుడు 60లు, 70ల్లో ఉన్నారు. ఆ బిడ్డ పెళ్లి చేసుకుంటే, ఒక జంట మీద నలుగురు పెద్దలు, కింద ఒక పసివాడు. 2024 చివరికి దేశంలో 60 దాటినవాళ్లు 31 కోట్లు, జనాభాలో 22 శాతం. 2010లో ఇంటికి సగటున 3.10 మంది ఉంటే 2020 జనగణన నాటికి 2.62కి పడిపోయింది. మూడు గదుల ఇంట్లో ఇద్దరు, కొన్నాళ్లకు ఒకరు. వీళ్లను ‘కోంగ్‌చావో లావోరెన్’ అంటారు, ఖాళీ గూటి ముసలివాళ్లు అని.

కానీ ఈ కారణం సగం కథే. 80 దాటిన పల్లెటూరి అవ్వకు ఆ విధానం తగలనే లేదు, ఆమెకు నలుగురు కొడుకులు ఉండొచ్చు. 2020 జనగణనలో పల్లెల్లో 60 దాటినవాళ్లు 23.8 శాతం, నగరాల్లో 15.8 శాతమే. అంటే ముసలితనం పల్లెలో చిక్కబడుతోంది. వయసువాళ్లు పనికోసం పట్నం పోయారు. 2020లో సొంత చోటు వదిలి వేరే చోట ఉంటున్నవాళ్లు 37 కోట్లకు పైమాటే.

నలుగురు కొడుకులున్న ఇళ్లలో వంతులు నడుస్తాయి. నెల రోజులు పెద్దవాడింట్లో, తర్వాత నెల రెండోవాడింట్లో. చేతిసంచిలో రెండు జతల బట్టలు, మందులు, ఊతకర్ర. తెలుగు పల్లెల్లో ఈ వంతుల సంగతి ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ అవ్వ కూర్చున్న భోజనాల దగ్గర ఆరుగురు ఉంటారు. ఆమె మాత్రం 30వ తేదీ ఎప్పుడొస్తుందా అని చూస్తుంది, ఎందుకంటే ఆ ఇంట్లోవాళ్లు కూడా దాన్నే చూస్తున్నారని ఆమెకు తెలుసు.

ఒంటరితనంలో రెండు రకాలున్నాయని అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వైస్ 1973లో వేరుచేసి చెప్పాడు. చుట్టూ తెలిసినవాళ్లు, నలుగురిలో కలిసే చోటు లేకపోవడం ఒకటి. మనసుకు దగ్గరగా ఉండే ఒక్క మనిషి లేకపోవడం ఇంకొకటి. మొదటిదానికి పార్కు, క్లబ్బు పనికొస్తాయి. రెండోదానికి రావు. వంతుల అవ్వకు ఉన్నది రెండోది.

బాకీ తీరని లెక్క

చైనా కుటుంబం గురించి అన్నిటికన్నా పనికొచ్చే బొమ్మ గీసింది ఆ దేశపు సామాజిక శాస్త్రవేత్త ఫే షియావోతోంగ్. 1983లో ఆయన చెప్పింది ఇది. పాశ్చాత్య దేశాల్లో తరాల మధ్య సంబంధం రిలే పరుగులాంటిది: అమ్మానాన్న నన్ను పెంచారు, నేను నా పిల్లల్ని పెంచుతాను, అక్కడికి సరి. చైనాలో అలా కాదు. నన్ను పెంచినవాళ్లకు నేను తిరిగి చెయ్యాలి, నా పిల్లలు నాకు చెయ్యాలి. ప్రతి తరం పైకి కూడా ఇస్తుంది, కిందికి కూడా ఇస్తుంది. ‘ముసలితనానికి కాపుగా కొడుకును పెంచు’ అనే సామెత దీన్నే చెబుతుంది.

ఇప్పుడు 70ల్లో ఉన్నవాళ్లు ఈ లెక్కలో పైకి చెల్లించిన తరం. వాళ్ల అత్తమామలకు నీళ్లు తోడారు, మంచాన పడితే చూశారు. వాళ్ల వంతు వచ్చేసరికి ప్రవాహం దిశ మారింది. హెయిలాంగ్‌జియాంగ్ ప్రావిన్సులోని షియాజియా అనే ఊరిని ఏళ్ల తరబడి పరిశీలించిన మానవ శాస్త్రవేత్త యాన్ యున్‌షియాంగ్ ఈ మార్పును దగ్గరగా చూశాడు. ఇంటి పెత్తనం పెద్దాయన చేతుల్లోంచి కొత్త జంట చేతుల్లోకి జారింది. ఇళ్లు తిరగకట్టుకున్నప్పుడు మంచి గది చిన్నవాళ్లకు వెళ్లింది. తర్వాతి రోజుల్లో ఆయన ఇంకో మాట అన్నాడు: ఇప్పుడు మూడు తరాల శ్రద్ధ, డబ్బు, ఆశ అన్నీ కిందికి, మనవడి వైపే పారుతున్నాయి.

నగరాల్లో దీనికి ‘ఆరు పర్సులు’ అని పేరు. కొత్త దంపతులు ఫ్లాట్ కొనాలంటే ఇరువైపుల అమ్మానాన్నలు, వాళ్లను కన్నవాళ్లు, మొత్తం ఆరు జంటల పర్సులన్నీ ఖాళీ కావాలి. జీవితాంతం దాచింది కొడుకు ఇంటి డౌన్ పేమెంట్‌కు ఇచ్చేసిన తండ్రికి, ఆ ఇంట్లో తన గది ఏదో అడిగే ధైర్యం ఉండదు. అడగకుండానే చూపిస్తారేమోనన్న ఆశ ఉంటుంది. ఒంటరితనాన్ని చదివేవాళ్లు ఒక సంగతి చాలాకాలంగా చెబుతున్నారు: అది ఉన్న సంబంధాలకూ, మనిషి ఆశించిన సంబంధాలకూ మధ్య ఉన్న ఖాళీ. అందుకే ఏమీ ఆశించకుండా ఒంటరిగా ఉండేవాళ్లకు లేని బాధ, అంతా ఇచ్చి ఎదురుచూసేవాళ్లకు ఉంటుంది. చైనా పెద్దల విషయంలో ఆ ఆశకు పేరు కూడా ఉంది, ‘షియావో’. తెలుగులో పితృభక్తి అనాలి కానీ ఆ మాట పుస్తకాల్లోదిగా ఉంటుంది. ఆ అక్షరం రాస్తే పైన ముసలివాడు, కింద కొడుకు. కొడుకు ముసలివాణ్ణి మోస్తున్నట్టు ఉంటుందని బడిలో పిల్లలకు చెబుతారు.

డబ్బు ఈ ఖాళీని పూడ్చదని తేలిగ్గా తీర్పు చెప్పేయొచ్చు. అదీ పూర్తి నిజం కాదు. పల్లెటూరి పింఛను 2009లో నెలకు 55 యువాన్ల కనీసంతో మొదలై 2025కు 143 యువాన్లకు చేరింది. మన లెక్కలో 1,700 రూపాయలకు అటూఇటూ. దాంతో బతకడం కష్టం, కొడుకు పంపేది కావాల్సిందే. 2001లో అన్‌హుయ్ ప్రావిన్సులోని చావోహు ప్రాంతపు పల్లెల్లో మెరిల్ సిల్వర్‌స్టీన్, ఆయన తోటి పరిశోధకులు చేసిన అధ్యయనంలో ఆసక్తికరమైన సంగతి బయటపడింది. పిల్లలు పట్నంలో ఉన్నా, మనవల్ని దగ్గర పెట్టుకుని పెంచుతున్న పెద్దలు, పిల్లలు పంపే డబ్బు ఎక్కువగా అందుతున్నవాళ్లు, ఒంటరిగానో దంపతులిద్దరేనో ఉండేవాళ్ల కన్నా మనసులో మెరుగ్గా ఉన్నారు. ఆ డబ్బు తిండికి మాత్రమే పనికొచ్చిందనుకుంటే ఇది అర్థం కాదు. నువ్వు చేస్తున్న పని మాకు తెలుసు అనే గుర్తింపు అందులో ఉంది. పిల్లవాణ్ణి బడికి పంపాలి, జ్వరమొస్తే డాక్టరుకు చూపాలి, ఆ సంగతి కొడుక్కి ఫోన్‌లో చెప్పాలి. మాట్లాడటానికి ఒక విషయం ఉంది. ‘బాగానే ఉన్నాం’ తర్వాత ఇంకో వాక్యం ఉంది.

మనవడి కోసం పట్నానికి

మరి పెద్దవాళ్లే పిల్లల దగ్గరికి వెళ్తే? వెళ్తున్నారు, లక్షల్లో. వీళ్లకు ‘లావోపియావో’ అని పేరు పడింది, కొట్టుకుపోతున్న ముసలివాళ్లు అని అర్థం. 2015 లెక్కల ప్రకారం 24.7 కోట్ల వలస జనాభాలో పెద్దవాళ్లు 7.2 శాతం, అంటే దాదాపు 1.8 కోట్లు. వాళ్లలో 43 శాతం మంది వచ్చింది మనవల్ని చూసుకోవడానికే.

హునాన్ పల్లె నుంచి షెన్‌జెన్ అపార్టుమెంటుకు వచ్చిన నాయనమ్మ రోజు ఎలా గడుస్తుందో చూస్తే ఒకే కప్పు కింద ఉండటం అంటే ఏమిటో తెలుస్తుంది. పొద్దున ఆరింటికి లేచి జావ కాస్తుంది. కొడుకు, కోడలు ఏడున్నరకల్లా మెట్రో ఎక్కేస్తారు. మనవణ్ణి తోపుడు బండిలో వేసుకుని కిందికి దిగుతుంది. బెంచీ మీద ఇంకో నాయనమ్మ కూర్చుని ఉంటుంది, కానీ ఆమెది హెనాన్. ఈమె హునాన్ యాస ఆమెకు అర్థం కాదు, ఆమెది ఈమెకు అర్థం కాదు, దేశమంతా నడిచే మాండరిన్ భాష ఇద్దరికీ అంతంతమాత్రం. మనవడి వయసెంతో వేళ్లతో చూపించుకుంటారు. మధ్యాహ్నం వాడు పడుకుంటే టీవీ శబ్దం పెట్టకూడదు. సాయంత్రం కోడలు రాగానే వంటింట్లో అసలు పోరు. ఊళ్లో పసివాళ్లకు అడుగున చీలిక ఉన్న లాగు వేస్తారు, కోడలికి డైపర్ కావాలి. అన్నం నమిలి పెట్టొద్దంటుంది. ఏ పోషకం ఎంతో ఫోన్‌లో చూసి చెబుతుంది. 30 ఏళ్ల కింద కొడుకును పెంచిన చెయ్యి ఇక్కడ ట్రైనీ చెయ్యి అయిపోతుంది. రాత్రి భోజనాలయ్యాక కొడుకు ల్యాప్‌టాప్ ముందు, కోడలు పిల్లవాడితో, ఈమె తన గదిలో. అమెరికాలో కూతురి పురిటికి వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చిన తెలుగు అమ్మలకు ఈ గది తెలుసు.

ఇందులో ఎక్కువమంది గమనించని నష్టం ఇంకోటుంది. ఈ ప్రయాణానికి చాలాసార్లు నాయనమ్మ ఒక్కతే వస్తుంది. తాత ఊళ్లోనే ఉంటాడు, కోళ్లను, పొలాన్ని చూసుకుంటూ. 40 ఏళ్లు కలిసి బతికిన జంట 65వ ఏట విడిపోతుంది, విడాకులు లేకుండా. పెద్దవాళ్ల ఒంటరితనం మీద చేసిన అధ్యయనాలు చాలావరకు ఒక మాట మీద నిలుస్తాయి: పిల్లల కన్నా జీవిత భాగస్వామి ఉండటమే పెద్ద రక్ష. మనవణ్ణి పెంచడం కోసం కుటుంబం ఆ రక్షనే తీసేస్తోంది.

అడ్డం పడే కాగితాలూ ఉన్నాయి. 1958 నుంచి ఉన్న ‘హుకోవ్’ అనే నివాస నమోదు విధానంలో మనిషి హక్కులు సొంత ఊరికి కట్టుబడి ఉంటాయి. వేరే ప్రావిన్సులో ఆసుపత్రిలో చేరితే ఊరి బీమా డబ్బు తిరిగి రావడానికి ఏళ్ల తరబడి ఇబ్బంది పడ్డారు. ఈ మధ్య ఆన్‌లైన్‌లో సులువు చేశారు, అయినా చాలాచోట్ల సొంత ఊళ్లో వచ్చినంత రాదు. దాంతో ఒంట్లో బాగోకపోయినా చెప్పకుండా ఉగ్గబట్టుకుని, పండక్కి ఊరెళ్లినప్పుడు చూపించుకుంటారు. మళ్లీ అదే మాట, బాగానే ఉన్నా.

తోడు వెతుక్కుంటే

షాంఘైలో షుహుయ్ ప్రాంతంలోని ఐకియా ఫర్నిచర్ దుకాణం క్యాంటీన్‌కు ఏళ్లపాటు ఒక వింత పేరుండేది. మంగళవారం, గురువారం అక్కడికి వందల మంది పెద్దవాళ్లు వచ్చేవారు. సభ్యత్వ కార్డు ఉంటే కాఫీ ఫ్రీ. తలకు రంగు వేసుకుని, మంచి కోటు తొడుక్కుని, భార్యో భర్తో పోయినవాళ్లు, విడాకులు తీసుకున్నవాళ్లు తోడు వెతుక్కునేవాళ్లు. ఫ్లాస్కులో ఇంటి టీ, సంచిలో తిండి. కుర్చీలు ఖాళీ కావడం లేదని 2016లో దుకాణం వాళ్లు తిండి కొంటేనే కూర్చోవాలని రూలు పెట్టారు.

వీళ్లకు తోడు దొరికినా పెళ్లి దాకా వెళ్లడం అరుదు. ప్రభుత్వ అనుబంధ సంస్థలు 2012లో కొత్త కాలానికి 24 పితృసేవల జాబితా ఒకటి విడుదల చేశాయి. వారానికోసారి ఫోన్ చెయ్యండి, ఇంటర్నెట్ వాడటం నేర్పండి అనే వాటితో పాటు, ఒంటరి తల్లినో తండ్రినో మళ్లీ పెళ్లి చేసుకోనివ్వండి అని కూడా అందులో ఉంది. ఇళ్లలో జరిగేది వేరు. తండ్రి పేరు మీద ఫ్లాట్ ఉంది, కొత్త ఆమె వస్తే అందులో వాటా పోతుంది. ‘ఈ వయసులో జనం ఏమనుకుంటారు’ అని పిల్లలు నోటితో అంటారు, లోపల తిరిగేది చదరపు మీటర్ల లెక్క. దాంతో పెళ్లి లేకుండా కలిసి ఉండే పద్ధతి ఒకటి వచ్చింది, ‘తోడుగా ముసలితనం గడపడం’ అంటారు. ఖర్చులు చెరి సగం. ఒకరు మంచాన పడితే మాత్రం రెండో మనిషిని వాళ్ల పిల్లలు తీసుకుపోతారు. చట్టం దృష్టిలో వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమీ కారు.

ఉన్న ఒక్క బిడ్డనూ పోగొట్టుకున్నవాళ్ల సంగతి వేరు. ‘షిదూ’ కుటుంబాలంటారు. 2014 నుంచి ప్రభుత్వం నగరాల్లో మనిషికి నెలకు 340, పల్లెల్లో 170 యువాన్లు ఇవ్వడం మొదలుపెట్టింది, తర్వాత పెంచింది. కానీ ఆసుపత్రిలోనో వృద్ధాశ్రమంలోనో ఫారం మీద ‘పిల్లల సంతకం’ అనే గడి దగ్గర వాళ్ల పెన్ను ఆగిపోతుంది. కొత్త సంవత్సరం రాత్రి పక్క ఫ్లాట్లలో పటాకులు కాలుతుంటే, వీళ్లలో కొందరు తమలాంటివాళ్లే కలిసి ఊరు కాని ఊరు వెళ్లిపోతారు. వీళ్లకు ‘గూదూ’ అనే పాత మాటలోని ‘దూ’ అక్షరాలా సరిపోతుంది. ఆ అర్హత ఎవరికి కావాలి?

ఖాళీలోకి వచ్చేవాళ్లు

పిల్లలు ఖాళీ చేసిన చోటులోకి ఎవరో ఒకరు వస్తారు. మంచివాళ్లూ వస్తారు. సాయంత్రం ఏడు దాటాక ఏ చైనా నగరం కూడలిలోనైనా స్పీకర్ పెట్టి, వరసల్లో నిలబడి డ్యాన్సు చేసే ఆడవాళ్లు కనిపిస్తారు. ఆ చప్పుడుకు పై అంతస్తులవాళ్లు తిట్టుకుంటారు. కానీ ఆ వరసలో ఒక రోజు ఒకావిడ రాకపోతే ఆ రాత్రే ఆమెకు ఫోన్ వెళ్తుంది. కొడుక్కి తెలిసేసరికి ఆదివారం అవుతుంది.

ఇంకోరకం వాళ్లూ వస్తారు. ఆరోగ్య మాత్రలు అమ్మే కుర్రాళ్లు పెద్దవాళ్లను ‘అమ్మా, నాన్నా’ అని పిలుస్తారు, కాళ్లు కడుగుతారు, గుడ్లు ఫ్రీగా ఇస్తారు, పుట్టినరోజు గుర్తుపెట్టుకుంటారు. ఆ తర్వాత వేల యువాన్ల డబ్బాలు అంటగడతారు. ఎందుకు కొన్నావని పిల్లలు గదమాయిస్తే కొందరు చెప్పే జవాబు: మందు పని చెయ్యదని నాకూ తెలుసు, ఆ అబ్బాయి రోజూ వస్తాడు. 2020లో జియాంగ్షీ ప్రావిన్సుకు చెందిన 60 దాటిన ఒకావిడ కథ దేశమంతా చెప్పుకుంది. ఒక పేరున్న టీవీ నటుడి వీడియోలకు ఎవరో నకిలీ గొంతు తగిలించి పెడుతుంటే, అతను తనతోనే మాట్లాడుతున్నాడని, తనను ప్రేమిస్తున్నాడని ఆమె నమ్మింది. ఇల్లు వదిలి అతన్ని కలవడానికి బయల్దేరింది. జనం నవ్వారు. ఆ వీడియోల్లో గొంతు ఆమెను ‘అక్కా’ అని పిలిచి, ఈ రోజు అలిసిపోయావా అని అడిగేది. ఆమెను అలా అడిగేవాళ్లు ఇంట్లో ఎవరున్నారని ఆలోచించినవాళ్లు తక్కువ.

వృద్ధాశ్రమాల మాట తక్కువలో చెప్పొచ్చు. షాంఘై వాళ్లు చాలా ఏళ్ల కిందే 90-7-3 అని లెక్క వేసుకున్నారు: 90 శాతం మంది ఇంట్లో, 7 శాతం కాలనీ సాయంతో, 3 శాతం ఆశ్రమంలో. ఆశ్రమంలో చేర్చడం ఇప్పటికీ చాలా ఇళ్లలో కొడుక్కి తలవంపు. కాలనీల్లో పెద్దల క్యాంటీన్లు తెరిచారు, తక్కువ ధరకు వేడి అన్నం దొరుకుతుంది. అక్కడ భోజనం కన్నా వరసలో నిలబడటమే కొందరికి ముఖ్యం.

నగరాల్లో ఇప్పుడు 60ల్లోకి అడుగుపెడుతున్నవాళ్లు కొంచెం వేరుగా ఉన్నారు. వాళ్లకు సొంత పింఛను ఉంది, ఆరోగ్యం ఉంది, పిల్లలు చూస్తారన్న ఆశను ముందే తగ్గించుకున్నారు. పిల్లలతో ఉండాలని కోరుకోరు, దూరంగా ఉండాలనీ కోరుకోరు. వాళ్లు చెప్పే కొలత ఒకటి ఉంది, ‘గిన్నెడు సూప్ దూరం’. ఒక ఇంట్లో కాచిన సూప్ ఇంకో ఇంటికి తీసుకెళ్లేసరికి చల్లారకూడదు. ఎవరి వంటిల్లు వారిది, కానీ రోజూ గిన్నె తీసుకుని తలుపు కొట్టడానికి ఒక సాకు ఉంటుంది. చట్టంలోని 18వ అధికరణం కన్నా ఈ కొలతే పనికొచ్చేది. చిక్కేమిటంటే, షాంఘైలో ఆ దూరంలో రెండో ఫ్లాట్ కొనాలంటే మళ్లీ ఆరు పర్సులూ కావాలి.

పల్లెల్లో ఆ దూరం వెయ్యి కిలోమీటర్లు. కొత్త సంవత్సరం సెలవులు ముగిసే రోజు ఇంటి ముందు కొడుకు కారు డిక్కీ తెరిచి ఉంటుంది. తండ్రి బియ్యం బస్తా పెడతాడు. తల్లి పొగబెట్టి ఆరేసిన మాంసం, మిరపకాయల పచ్చడి సీసాలు, కూరగాయలు పెడుతుంది. నాటు కోడిగుడ్లు అట్టపెట్టెలో ఊక పోసి, ఒక్కొక్కటీ అందులో పాతి, పైన మళ్లీ ఊక పోసి, తాడు కడుతుంది. ఇవన్నీ సూపర్‌మార్కెట్‌లో దొరుకుతాయమ్మా అని కొడుకు అంటాడు, అంటూనే జరిపి చోటు చేస్తాడు. ఏటా ఈ డిక్కీల ఫొటోలు చైనా ఫోన్లలో చక్కర్లు కొడతాయి. కారు వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరూ నిలబడతారు. ఆ రాత్రి ఫోన్ వస్తుంది. చేరాం అంటాడు. గుడ్లు పగిలాయా అని తల్లి అడుగుతుంది. పగల్లేదు అంటాడు. పెట్టె ఇంకా విప్పలేదు.